క్లచ్ లేని కారు

దుబాయ్, నైఫ్
ఏప్రిల్ 1983

ప్రియమైన బాలవ్వా,

నీ ముఖం, చిన్నదాని ముఖం తలచుకుని రాస్తున్నాను. ముందు మంచి మాట చెబుతాను. రెండేళ్లు సిమెంటు పికప్ నడిపిన నన్ను, వీసా ఇచ్చిన మా యజమాని కఫీల్ ఖల్ఫాన్ తన ఇంటి కారుకు మార్చాడు. ఇప్పుడు నా పని ఆయన తల్లిని ఆసుపత్రికి, పిల్లలను బడికి తీసుకుపోవడం. కారులో చల్లటి గాలి వస్తుంది. సిమెంటు దుమ్ముతో పట్టుకున్న దగ్గు కూడా తగ్గింది.

ఇక రెండో మాట. ఈ అమెరికా కారుకు క్లచ్ లేదు. నవ్వకు, నిజం. గేర్లు వాటంతట అవే పడతాయి. కింద రెండే పెడళ్లు, ఒకటి యాక్సిలరేటర్, ఒకటి బ్రేకు. బ్రేకు మాత్రం చపాతీ పీటంత వెడల్పు.

ఇంత సుఖమైన బండి నా చేతిలో సరిగా నడవడం లేదు. ఇంజను గోల పెడుతుంది, బండి ముందుకు పోదు, గేరు జారిపోయినట్టు ఉంటుంది. ఉన్నట్టుండి ఒక్క దూకు దూకుతుంది. కింద కీచుమని చప్పుడు, కాలిన వాసన. గేరు స్లిప్ అవుతోందని కఫీల్‌కు చెప్పాను. ఆయన ఎక్కి నైఫ్ అంతా తిప్పి వచ్చాడు. చిన్న చప్పుడు కూడా లేదు. నేను కూర్చోగానే మళ్లీ అదే గోల. ఆయన తల్లి నాకూ కారుకూ కలిపి సాంబ్రాణి పొగ వేసింది. నా కళ్లు మండాయి గానీ చప్పుడు పోలేదు.

నాకేమీ తోచడం లేదు. కారు మనిషిని గుర్తుపడుతుందా? మీ అన్న హన్మాండ్లును అడిగి రాయి. ట్రాక్టర్లు విప్పి బిగించేవాడు, వానికేమైనా తెలుస్తుందేమో.

నీ
లింబాద్రి


మోర్తాడ్
మే 1983

ప్రియమైన మా పిల్ల తండ్రికి,

బాలవ్వ ప్రేమతో రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం అన్నకు చదివి వినిపించాను. క్లచ్ లేదన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"క్లచ్ లేకుంట గేరెట్ల పడ్తది? బావకు ఎండ తాకింది" అన్నాడు.

తరువాత చాలాసేపు ఆలోచించి, "క్లచ్ ప్లేటు అరిగినట్టుంది, మార్పియ్యమను" అన్నాడు. లేని క్లచ్‌కు ప్లేటెక్కడిదని అడిగాను. "ఉంటది. లోపట దాస్తరు" అన్నాడు. వాడితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

నాకు బండ్ల సంగతి తెలియదు. ఎవరి దిష్టి తగిలిందో అని మాత్రం అనిపిస్తోంది. నిమ్మకాయ, మిరపకాయలు ముందర కట్టు. అక్కడ కట్టనివ్వకపోతే సీటు కింద పెట్టు.

చిన్నదానికి మాటలు వస్తున్నాయి. నీ ఫోటో చూపిస్తే నాయిన అంటుంది. గోడ మీది దేవుళ్లందరినీ కూడా నాయిన అనే అంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సీటు మాత్రం పోనివ్వకు. మళ్లీ సిమెంటు దగ్గరికి పోతే నీ దగ్గు తిరగబెడుతుంది. నాకు అదే భయం.

నీ క్షేమం కోరే
బాలవ్వ


దుబాయ్, నైఫ్
జూన్ 1983

ప్రియమైన బాలవ్వా,

నీ ఉత్తరం తలకింద పెట్టుకుని పడుకుంటున్నాను. నిమ్మకాయ సీటు కింద పెట్టాను. కఫీల్ తల్లి ఆ వాసన పట్టేసి, బాగుంది, ఇంకోటి పెట్టమంది. కారులో అంతకు మించి మార్పు లేదు.

కారును షార్జాలో మెకానిక్ దగ్గరికి, పెషావర్ ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాం. ఈ గేర్‌బాక్స్‌లో ఎర్ర నూనె ఉంటుంది. లోపల పాడైతే అది నల్లబడి మాడు వాసన కొడుతుందట. మాది కుంకుమ నీళ్లలా తేటగా ఉంది. అయినా నూనె మార్చాడు. అడుగు మూత విప్పి చూశాడు, ఇనుప రజను లేదు. బ్రేకులు మాడిపోయాయని కొత్తవి వేశాడు. తానే నడిపి చూసి, "గాడీ ఠీక్ హై" అన్నాడు.

నేను నడిపితే గేటు దాటకముందే కీచుమంది. ఉస్తాద్ కిటికీలోంచి తల బయట పెట్టి చక్రాల దాకా వంగి విన్నాడు. ఏమీ తేలక గడ్డం గోక్కున్నాడు. వారానికే ఆ కొత్త బ్రేకులూ మాడాయి.

కఫీల్ మంచివాడే, కానీ ఎంతకని ఓపిక పడతాడు? కావాలనే కారు పాడుచేస్తున్నానని ఆయనకు అనుమానం. "ఈద్ దాకా చూస్తా. తర్వాత ఖలాస్, మీ ఊరికి పో" అన్నాడు. పికప్‌కు వేరే మనిషి వచ్చాడు, కాబట్టి ఆ పనీ లేదు.

నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. ఇప్పుడు అదీ వచ్చో రాదో తెలియడం లేదు. సాయంత్రానికి ఎడమ కాలు పిక్క రాయిలా బిగుసుకుపోతోంది. నూనె రాసుకుని పడుకుంటున్నాను. చిన్నదానికి ముద్దులు.

నీ
లింబాద్రి


మోర్తాడ్
జూన్ 1983

ప్రియమైన పెనిమిటికి,

ఈసారి ఉత్తరం అన్నకు వినిపించలేదు. నాకే ఒకటి తట్టింది. తప్పయితే నవ్వుకో.

క్లచ్ లేని కారులో ఎడమ కాలుకు పనేమిటి? పని లేని కాలు ఎందుకు నొస్తోంది?

పెళ్లయిన కొత్తలో నీవు లారీ దిగి వచ్చి పడుకుంటే, నిద్రలో ఎడమ కాలుతో నా పిక్కను నొక్కేవాడివి. తన్నడం కాదు, మెల్లగా నొక్కి వదలడం. ఏందయ్యా ఇది అని లేపితే, "నిర్మల్ ఘాటు ఎక్కుతున్న" అని మళ్లీ పడుకునేవాడివి. నిద్రలో ఊరుకోని కాలు, మెలకువలో ఊరుకుంటుందా? కింద చపాతీ పీటంత బ్రేకు ఉందన్నావు. ఆ కాలు దాని మీదనే ఉంటోందేమో చూసుకో. ఒక కాలు పొమ్మంటుంటే ఇంకో కాలు ఆగమంటుంటే, బండి మాత్రం ఎవరి మాట వింటుంది?

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే నీవు ఇంటికి వస్తావు. రావాలని నాకు ఎంత ఉందో నీకు తెలియదు. మంచం సగం ఖాళీగా ఉంటే నిద్ర పట్టడం లేదు. కానీ కారు పాడుచేసి వచ్చినవాడని నలుగురూ అంటుంటే నీవు తల వంచుకుని తిరుగుతావు. అట్లా వస్తే, వచ్చినా నీవు నాకు దక్కినట్టు కాదు. అందుకే రాస్తున్నాను.

నీ
బాలవ్వ


దుబాయ్, నైఫ్
జూలై 1983

నా ప్రియమైన బాలవ్వా,

ఈద్ ముందు రోజు నీ ఉత్తరం అందింది. అప్పటికే కఫీల్ టికెట్ కొని నా చేతిలో పెట్టాడు. నీ మాట చదివి ముందు కోపం వచ్చింది. లారీలు నడిపినవాడికి తన కాలు ఎక్కడుందో తెలియదా అనుకున్నాను. తెలియదు.

ఒక్కసారి తాళం ఇమ్మని కఫీల్‌ను బతిమాలాను. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమ కాలు మడిచి సీటు మీద వేసుకున్నాను. క్రీక్ అనే ఉప్పునీటి కాలువ పక్క రోడ్డు మీద కారు చప్పుడు లేకుండా పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లు కారును తిట్టాను.

కఫీల్ నా మడిచిన కాలు వైపు చూశాడు. "పాడైన గేర్‌బాక్స్ అదేనా?" అని అడిగి, కారు ఆపించి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఎవరు చెప్పారన్నాడు. నా భార్య అన్నాను. ఆమెకు కారు నడపడం వచ్చా అన్నాడు. రాదు, కానీ ఆమెకు నేను తెలుసు అన్నాను.

"ఖలాస్, గొడవ తీరింది, పని చేసుకో. టికెట్ ఇటివ్వు" అన్నాడు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, టికెట్ ఇవ్వలేదు. "కొన్న టికెట్ ఉంది, నన్ను ఒక్కసారి ఇంటికి పోయి రానీయండి" అన్నాను. ఆయన తన తల్లిని అడిగాడు. ఆమె సరేనంది. ఒక నెల సెలవు, వీసా అట్లాగే ఉంటుంది.

ఆదివారం బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో తెలియదు. ఇదే ముందు చేరితే, నెలకు తిరిగిపోవాలన్న సంగతి ఇందులోనే చదివేసుకో. ఇంటికి వచ్చాక నా నోటితో అనిపించకు.

నీ
లింబాద్రి