అత్తయ్య నడక

మార్చి 3, సోమవారం

ఆయన కంపెనీలో ఇచ్చిన డైరీ తెచ్చి నా ఒళ్ళో పడేశారు. నేనేం రాస్తాను, ఏడో తరగతితో బడి మానేసినదాన్ని అన్నాను. నోటితో చెప్పనివన్నీ ఇందులో రాయి, పెళ్ళయి రెండేళ్ళు, సరుకు బోలెడు ఉంటుంది అన్నారు.

ఈ రోజు అత్తయ్యని డాక్టర్‌కి చూపించాం. షుగర్ వల్ల కాళ్ళకి రక్తం సరిగా అందడం లేదట. రోజూ అరగంట నడవాలి, లేదంటే కాలికే ముప్పు అని మొహం మీదే చెప్పేశాడు. అత్తయ్య ఊరుకుంటుందా. పొద్దస్తమానం మెషిన్ తొక్కుతూనే ఉన్నా కదయ్యా, నా కాళ్ళకి తీరికెక్కడిది అంది. డాక్టర్ నవ్వలేదు. తొక్కడం వేరు, నడవడం వేరు అన్నాడు.

మార్చి 5

మా ఇంట్లో ఏడు రోజుల వారం చాలదు. అత్తయ్య స్కూల్ యూనిఫాంలు కుడుతుంది. బడి తెరిచేలోగా ఆర్డర్ అంతా ఇచ్చెయ్యాలి. కాజాలు, గుండీలు, ఇస్త్రీ నావి. ఆయన లిఫ్ట్ మెకానిక్. ఎక్కడ లిఫ్ట్ ఆగితే అక్కడికి పరుగు, ఆదివారమైనా అంతే. జనం నడవకుండా చూడటం నా డ్యూటీ, ఇంటికొచ్చి నడిపించడం కూడా నాదేనా అమ్మా అని నవ్వారు. చివరికి ఆ పని నాకొచ్చింది. సాయంత్రం టీకీ వంటకీ మధ్య అరగంట.

మార్చి 9, ఆదివారం

నడిచాం. వాటర్ ట్యాంక్ చుట్టూ ఉన్న రోడ్డు మీద. ముందు అత్తయ్య, వెనక తల దించుకుని నేను. ఏమే పిల్లా, నేను రైలింజన్నా, నువ్వు పెట్టెవా, పక్కకి రా అంది. వెళ్ళాను. దారి పొడుగునా ఆమె మాట్లాడటం, నేను ఊ కొట్టడం.

బాగుంది.

మార్చి 20

ఆయన అత్తయ్యకి వాచ్ కొన్నారు. ఎంత నడిచిందీ చెబుతుంది. నడక పూర్తయితే ఆకుపచ్చ చుట్టు వెలుగుతుంది. ఎక్కడ పనిలో ఉన్నా ఆయన ఫోన్‌లో కనిపిస్తుందట. అత్తయ్య అటూ ఇటూ తిప్పి చూసి, కన్నకొడుకే కాపలా పెట్టాడే అంది. మురిసిపోతూనే అంది.

ఏప్రిల్ 2

కాలర్లు గుట్టగా మిగిలిపోయాయి. టీ తాగాక అత్తయ్య స్టూల్ మీంచి లేవలేదు. వాచ్ విప్పి నా చేతికి కట్టేసింది. ఈ ఒక్క రోజుకే, నువ్వు గబగబా తిరిగొచ్చెయ్ అంది. అత్తయ్యా అన్నాను.

వెళ్ళాను.

ఏప్రిల్ 3

ఈ రోజు కూడా.

ఏప్రిల్ 17

ఒక్క రోజు కాస్తా రోజూ అయింది. ఆయన డ్యూటీ నుంచి వస్తూనే, శభాష్ అమ్మా అంటారు. అత్తయ్య సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంటుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఇంకో సంగతి ఉంది. ఇక్కడైతేనే రాయగలను. ఆ అరగంట నాకిష్టం. పెళ్ళయ్యాక రోడ్డు మీద ఒక్కదాన్నే నడవడం ఇదే మొదలు. తల ఎత్తి నడుస్తున్నాను. పాల బూత్ ఆమె నన్ను చూసి రోజూ చెయ్యి ఊపుతుంది. నిన్న నేనూ ఊపాను.

తప్పని తెలుసు. అయినా సాయంత్రమయ్యేసరికి అత్తయ్య పిలవకముందే చెయ్యి చాపుతున్నాను.

ఏప్రిల్ 28

అత్తయ్య లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. ఏమైందని అడిగాను. ఉత్త తిమ్మిరి, ఆర్డర్ అయిపోతే అదే పోతుంది అంది. వాడి చెవిన వేశావంటే చూడు, మెషిన్‌కి ముసుగేసి నన్ను మంచాన కూర్చోబెడతాడు అంది.

నేను చెవిన వెయ్యలేదు.

మే 12

చెకప్. నొప్పి ఉందా అని డాక్టర్ అడిగితే అత్తయ్య లేదంది. ఆయన గర్వంగా ఫోన్ తీసి చూపించారు. వరసగా ఆకుపచ్చ చుట్లు. ఇంత బాగా నడుస్తున్న మనిషికి ఇప్పుడే స్కాన్ ఎందుకు, రెండు నెలలాగి చూద్దాం అన్నాడు డాక్టర్.

అత్తయ్య నా వైపు చూసింది. చెప్పమనా, వద్దనా? చెబుదామని డాక్టర్ బల్ల దగ్గరికి జరిగాను. ఈలోగా నర్సు తర్వాతివాళ్ళని పిలిచేసింది.

మే 24, శనివారం

గది ఊడుస్తుంటే మెషిన్ దగ్గర్నుంచి మంచం దాకా తడి మరకలు. మెషిన్ నూనె అనుకున్నాను. గుడ్డతో తుడిస్తే వాసన నూనెది కాదు. అత్తయ్యని కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. అరికాల్లో విరిగిన సూది ముక్క. చుట్టూ నల్లబడిపోయింది. నొప్పి లేదా అత్తయ్యా అని అరిచాను. ఈ ఇంట్లో నేను అరవడం అదే మొదలు.

ఏదీ, ఎక్కడ, నాకేం తెలియట్లేదే అంది. తన కాలిని పరాయి మనిషి కాలిని చూసినట్టు చూసింది.

మే 25, ఆస్పత్రిలో

రోజూ నడిచే మనిషి కాలు ఇలా ఉండదే అన్నాడు డాక్టర్. పోయినసారే నేను స్కాన్ తీయించి ఉండాల్సింది అన్నాడు. ఆయన మళ్ళీ ఫోన్ తియ్యబోతుంటే నేను చెప్పేశాను. ఆ వాచ్ నా చేతికుండేదండీ, నడిచింది నేనండీ అని. కారిడార్‌లో అందరూ తిరిగి చూశారు.

ఆయన ఫోన్ వంకే చూస్తూ, ఇదంతా నువ్వేనా అన్నారు. అవునన్నాను. తిడతారనుకున్నాను.

శభాష్ అన్నారు. చాలా మెల్లిగా.

లిఫ్ట్ పక్కనే ఉంది. ఆయన మెట్ల మీంచి దిగి వెళ్ళిపోయారు.

మే 27

మోకాలి కింద నుంచి తీసేశారు.

జూన్ 3

అత్తయ్య ఆయన్ని మంచం దగ్గరికి పిలిచింది. దాన్నేం అనకురా, వాచ్ దాని చేతికి కట్టింది నేను అంది. అడుగు వేస్తే నేల తగులుతున్నట్టు తెలియడం ఎప్పుడో మానేసింది, నడిస్తే నీకు దొరికిపోతానని కూర్చున్నా అంది. ఒక్క ఆర్డర్ కదా, అయ్యాక చెబుదాంలే అనుకున్నా అంది.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. క్యారియర్ అందుకుంటారు, మందుల చీటీ ఇస్తారు. నా మొహం మాత్రం చూడరు. అత్తయ్య ఒక్కదాని మాటే వినిపిస్తోంది మా ముగ్గురిలో.

జూన్ 9

పాదం దురద పెడుతోందే పిల్లా అంది.

ఏ పాదం అని అడగలేదు. మంచం చివర, దుప్పటి కింద ఏమీ లేనిచోట గోకాను.

ఇన్నాళ్ళకి తెలుస్తోందే అంది. కొంచెం ఇవతలకి అంది.

చెయ్యి ఇవతలకి జరిపాను.