మోకాలెత్తు గోడ

హవల్లీ, కువైట్
అక్టోబర్ 17

అమ్మకు ప్రణతి నమస్కరించి రాస్తున్నది.

నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, హాస్టల్ వంటింట్లో నీతో పనిచేసేవాళ్ళూ, సిస్టర్లూ, పిల్లలూ అందరూ క్షేమమనీ తలుస్తాను. ఆ వెంటనే ‘ఇక్కడ నేను కూడా క్షేమం’ అని రాయాలి. ఈసారి ఆ మాట రాయలేదు. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు “ఎట్లుండావు?” అంటావు, నేను “బాగుండా” అంటాను, ఇంతలో నీ వెనక కుక్కర్ కూస్తుంది. కొన్ని మాటలకు అక్కడ చోటు లేదు. ఈ ఉత్తరం చిన్నమ్మే తెస్తోంది. శుక్రవారం విమానానికి రాయచోటి ఖైరున్‌బీ తోడుగా వస్తోంది.

డ్రైవర్ షావలి సెలవు నుంచి వస్తూ తెచ్చిన నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. స్కూలు పని నిజమేనా అని అడిగావు. నిజమే. హవల్లీలో చిన్న పిల్లల తరగతికి సహాయ టీచర్‌ని. ఇంటి పనివాళ్ళ వీసా నుంచి కంపెనీ వీసాకు మారడానికి ఈ వేసవిలో రెండు నెలలు మాత్రమే వీలిచ్చారు. దానికి యజమానురాలి ఒప్పుదల సంతకం కావాలి. మామా చేసింది; ఇక్కడ ఇంటి యజమానురాలిని మేం అలాగే పిలుస్తాం. నువ్వు సంతోషపడి హాస్టల్లో అందరికీ మైసూరుపాకు పంచావని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఇంగ్లండ్ పల్లె పుస్తకాల్లో ఉన్నట్టే ఉందా అని సిస్టర్ ఫిలోమినా అడిగారట. ఉందని చెప్పు. అచ్చంగా అలాగే ఉంది.

తన పిల్లలకు ఇంగ్లీషు మాట నున్నబడుతుందని మామా వేసవి సెలవుల్లో ఏడు వారాలకు ఆ పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుంది. వంటకు చిన్నమ్మను, పిల్లల చదువుకు నన్ను వెంట తీసుకెళ్ళింది. పద్దెనిమిది ఇళ్ళు, ఒక చర్చి, వారానికి మూడు రోజులు తెరిచే ఒక అంగడి. దారికి రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచెలు. వాటి మీద నల్లటి పళ్ళు పండి, ఎవరూ కోయక రాలిపోతుంటాయి. ఎదురొచ్చిన ప్రతి మనిషీ “గుడ్ మార్నింగ్” అంటారు. మొదటి వారం నేను ప్రతిసారీ ఆగి, నిటారుగా నిలబడి, సిస్టర్ నేర్పినట్టు పూర్తిగా జవాబు చెప్పేదాన్ని. అప్పటికి వాళ్ళు పది అడుగులు దాటిపోయి ఉండేవాళ్ళు. చిన్నమ్మ ఒకటే నవ్వు.

“ఆయప్ప ఎప్పుడో పాయె గదే. ఎవురికి చెప్తాండావు, గొర్రెలకా?”

అక్కడ కుక్క పేరు అడగవచ్చు, మనిషి పేరు అడగకూడదు. ఆరు కుక్కల పేర్లు తెలుసుకున్నాను. మనిషి పేరు ఒక్కటే. ఆమె గురించి రాస్తాను.

చెత్తకు రెండు డబ్బాలు. ఒక వారం నల్లది బయట పెట్టాలి, ఒక వారం పచ్చది. మేం తప్పు డబ్బా పెట్టిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి తలుపు సందులోంచి ఒక కాగితం జారిపడింది. సంతకం లేదు. ‘దయచేసి’ అని మూడుచోట్ల ఉంది. నాచేత చదివించుకున్న మామా ముఖం ఎర్రబడింది. “వీళ్ళు నోటితో తిట్టరా?” అంది. కువైట్‌లో మామా ఇల్లున్న సాల్మియాలో అయితే పైఇంటివాళ్ళు తలుపు బాది, అరిచి, గంటకల్లా పళ్ళెంలో ఖర్జూరాలు పంపుతారు.

ఆ నిశ్శబ్దం మామాను భయపెట్టింది. పిల్లలు గట్టిగా నవ్వినా కిటికీలు మూయమనేది. “మనల్నే చూస్తున్నారు. మన ఇంటి సంగతి ఒక్క మాట కూడా బయటికి పోకూడదు” అనేది. ఆ పల్లెవాళ్ళతో మాట్లాడగల ఇంగ్లీషు మా ఇంట్లో ఉన్నది నా ఒక్కదానికే. మామా చెడ్డది కాదు. ఇది నువ్వు తెలుసుకోవాలి. ఆమె చెడ్డదైతే నాకు తేలికగా ఉండేది.

ఇక చిన్నమ్మ కాలు. ఏం జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదని రాశావు. నేను చెబుతాను.

అక్కడ వాన పడితే దారంతా బురద. మామా అందరికీ మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నది. చిన్నమ్మ పాదానికి సరైనవి ఆ అంగడిలో లేవు. ఉన్నవాటిలోనే దూరింది. ఆరేళ్ళుగా చలవరాతి నేల మీద స్లిప్పర్లతో తిరిగిన పాదాలు. చిటికెనవేలు పక్కన బొబ్బ లేచింది. ఆమెకు షుగర్ అని నీకు తెలుసు. ముందు నొప్పే తెలియలేదు. తెలిసేసరికి బొబ్బ పగిలి, చుట్టూ నల్లబడింది. మామాకు చూపించాం. “ఇక్కడ డాక్టర్ అంటే కాగితాలు, ప్రశ్నలు. పది రోజుల్లో కువైట్ వెళ్ళగానే పెద్ద డాక్టర్‌కు చూపిద్దాం” అంది. పసుపులాంటి మందు ఏదో రాసింది, తన చేత్తోనే.

మర్నాడు ఉదయం పిల్లల పాఠం దగ్గర నా పక్కన కూర్చుని, వీసా మార్పు సంగతి తనే ఎత్తింది. “నువ్వు బాగా చదువుకున్నదానివి. సంతకం పెడతాను. ఈ పది రోజులు ప్రశాంతంగా గడిస్తే చాలు.” బెదిరించలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది.

అదే రోజు మధ్యాహ్నం నేనూ చిన్నమ్మా వెనక తోటలో బట్టలు ఆరేస్తున్నాం. పక్కింటికీ మాకూ మధ్య ఉన్నది మోకాలెత్తు రాతిగోడ. ఆ ఇంట్లో మిసెస్ విట్‌కమ్ అని ఒక పెద్దావిడ ఉంటుంది. నలభై ఏళ్ళు నర్సుగా పనిచేసిందట. అంతకుముందు మాతో ఆమె మాట్లాడింది వాన గురించే. ఆ రోజు చిన్నమ్మ నడకను చూస్తూ గోడ దగ్గరికి వచ్చింది.

“ఆమె కుంటుతోంది. ఆ పాదం నేను చూడవచ్చా? ఆమె బాగానే ఉందా?”

చిన్నమ్మకు మాట అర్థం కాలేదు, చూపు అర్థమైంది. బకెట్ కింద పెట్టి, కాలు ముందుకు చాపింది.

“చెప్పు పాపా. రెయ్యంతా మంట పుడతాందని చెప్పు. షుగరుందని గూడా చెప్పు.”

అమ్మా, చిన్నప్పుడు సిస్టర్ తరగతిలోకి రాగానే “హౌ ఆర్ యూ, చిల్డ్రన్?” అనేవారు. మేం నలభైమందిమి లేచి, “వియ్ ఆర్ ఫైన్, థాంక్యూ సిస్టర్” అనేవాళ్ళం. జ్వరం ఉన్నవాళ్ళు కూడా అనేవాళ్ళు. వంటింటి కిటికీలోంచి విని నువ్వు మురిసిపోయేదానివి. గోడ దగ్గర ఆ మాట అలవాటుగా నోట్లోంచి జారిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. మేడ మీద కిటికీలో మామా నిలబడి ఉంది. నేను చూశాను. చూసే అన్నాను.

“షి ఈజ్ ఫైన్, థాంక్యూ.”

మిసెస్ విట్‌కమ్ నా ముఖంలోకి చూసింది. “నిజంగానా?” అంది. నేను ఇంకోసారి అన్నాను.

“ఏమంటాంది?” అని చిన్నమ్మ అడిగింది.

“కువైట్‌కు పోయి చూపించుకోమంటోంది” అన్నాను.

చిన్నమ్మ కాలు వెనక్కి తీసుకుంది. “పోనీలే. తెల్లోళ్ళకు మన కాళ్ళు ఎట్ల కనపడతాయి” అని బకెట్ ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున ఆ గోడ మీద ఒక మందు ట్యూబు, కట్టుగుడ్డ, చిన్న రాయి కింద ఒక చీటీ ఉన్నాయి. మందు చిన్నమ్మకిచ్చి, అంగడిలో కొన్నానన్నాను. చీటీ నా పుస్తకంలో దాచాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ పల్లెలో ఎవరూ రెండుసార్లకు మించి అడగరు. అది మర్యాద. మా తలుపు నుంచి ఆమె తలుపుకు నలభై అడుగులు. ఆ పది రోజులూ లెక్కపెడుతూనే ఉన్నాను.

కువైట్‌లో దిగిన మొదటి నాలుగు రోజులు ఇంటినిండా చుట్టాలు. అయిదో రోజు ఆసుపత్రి. చిటికెనవేలూ దాని పక్కవేలూ తీసేశారు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే తీసే పని ఉండేది కాదని డాక్టర్ అన్నాడు. అక్కడ కూడా డాక్టర్ మాటను తెలుగులోకి మార్చి చెప్పేదాన్ని నేనే. ఆ వాక్యం చిన్నమ్మకు చెప్పలేదు. మామా ఏడ్చింది, ఖర్చంతా పెట్టుకుంది. ఆ వారంలోనే నా కాగితం మీద సంతకం కూడా చేసింది.

ఇవాళ సాయంత్రం చిన్నమ్మను చూడడానికి సాల్మియా వెళ్ళాను. ఖైరున్‌బీ పెట్టె సర్దుతోంది. చిన్నమ్మ మంచం మీద కూర్చుని ఆమెకు ఇంగ్లండ్ గురించి చెబుతోంది.

“మా పాప ఎంత బాగ చెప్పిందనుకున్నావు! గడగడా. ఆయమ్మే పట్టించుకోల్యా. నర్సంట! రాతిగుండెది.”

“సదువుకున్న పిల్ల పక్కనుండబట్టి సరిపాయె” అంది ఖైరున్‌బీ.

నేను టీ తాగాను.

పెద్ద ఉత్తరం ఇస్తానంటే చిన్నమ్మ ఇప్పటినుంచే దానికి ప్లాస్టిక్ కవరు సిద్ధం చేసింది. “అంతంత ఏం రాస్తాండావే మీ యమ్మకు?” అంది. క్షేమ సమాచారాలు అన్నాను. “క్షేమానికి ఇన్ని కాగితాలా? రైకలో పట్టదేమో!” అని నవ్వింది. నీ చేతికి తన చేత్తోనే ఇస్తుందట. మధ్యలో ఎవరినీ ముట్టుకోనివ్వదట.

నీకు తెలుసు కదా, ఇవ్వగానే చాప వేసుకుని నీ ఎదురుగా కూర్చుంటుంది. “చదువక్కా, నా గురించి ఏం రాసిందో” అంటుంది. నువ్వు తల వంచి, గొర్రెల దగ్గర నవ్వించి, పసుపు మందు దగ్గర ఆపి, మిగతాది మడిచి కొంగులో కట్టుకుందామని చూస్తావు. నా కోసం అలా చేస్తావు. చేయకు. నేను ఆమె మాట ఒకసారి మార్చాను. నువ్వు నా మాట మార్చకు. గట్టిగా చదువు. ఆ చీటీ కూడా ఇందులో పెట్టాను. ఇంగ్లీషులో ఉంది, సిస్టర్ చదివి చెబుతారు. ‘ఏ వేళైనా సరే నా తలుపు తట్టండి’ అని ఉంది.

ఇట్లు,
నీ కూతురు.
చిన్నమ్మకు ఇకమీదట ఏమవుతానో, విన్నాక ఆమెనే చెప్పనీ.