గ్రీజు మీద వేలిముద్ర

మైల్స్ సిటీ, నవంబరు 9, 1998

హేజెల్ పిన్నికి, ఇక్కడ మేమంతా కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయి.

మొన్న దుకాణంలో రష్యా సైన్యం వదిలించుకున్న పాత రివాల్వర్ ఒకటి కొన్నాను. దాని మీద 1943 అని చెక్కి ఉంది. ట్రిగ్గర్ ఎంత నొక్కినా తూటాల చక్రం తిరగదు, లోపల గ్రీజు గడ్డకట్టిపోయింది. అందరిలాగే ఓవెన్‌లో పెట్టి కరిగిద్దామంటే మా ఆవిడ లోర్నా ఒప్పుకోలేదు. "రొట్టెలు కాల్చే చోట ఆ కంపు పెట్టావంటే నువ్వూ నీ తుపాకీ బయటే పడుకోవాలి" అంది.

చేసేది లేక తుపాకులు బాగుచేసే ముసలి ఆర్విడ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పక్క రేకు విప్పి చూసి, భూతద్దం నా చేతికిచ్చాడు. రేకు లోపలి గ్రీజు మీద చిన్న బొటనవేలి ముద్ర ఉంది. ఒక్క గీత కూడా చెరగలేదు.

"ఫ్యాక్టరీలో దీన్ని బిగించినవాళ్ళదే. ఆడమనిషి వేలయ్యా ఇది" అన్నాడు.

ఆయన చక్రం శుభ్రం చేసి తిరిగేలా చేశాడు గాని, ఆ ముద్రను మాత్రం ముట్టుకోలేదు.

మంచు పడకముందే పొయ్యి గొట్టం తుడిపించుకో. వీలైతే చెర్రీ జామ్ రెండు సీసాలు పంపు. లోర్నా నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ వాల్ట్

తా.క. ఆ యుద్ధం రోజుల్లో నువ్వూ ఫ్యాక్టరీలో తుపాకులు బిగించావు కదా పిన్నీ. గ్రీజు పూసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకునేదానివా?