దూరం నుంచే కొడుతున్నరు

నవంబర్ 6, గురువారం

83–27.

గిది మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీం స్కోరు. ఎనభై మూడు అవతలోళ్ళది. ఇరవై ఏడు మాది. ఇంటికి పోయెటోనికి ఫ్లైట్ల ముప్పై కిలోలు ఇస్తరు, నా షాపుల సూట్‌కేసు కొనేటోళ్ళకు రోజు చెప్పేది అదే. మా పిల్లలు అంత గూడ చెయ్యలే.

ఏం ఆట అది? అందరు పెద్ద గీత బయటనే నిలబడుతున్నరు. బాల్ చేతికి వచ్చుడే ఆలస్యం, ఆడికెల్లే ఎగేసుడు. పడితే మూడు పాయింట్లు. పడితే గదా. లోపలికి పోయి రింగు కింద వేస్తే రెండే, కాని ఆ రెండు పడుతయి. నేను కోరుట్లల కబడ్డీ ఆడినోణ్ణి. గీత దాటకుండ పాయింట్ ఎట్ల వస్తదో నాకైతే సమజ్ కాలే.

నా బిడ్డ నూరైన్ గార్డు. బాల్ ముందుకు తెచ్చేది ఆమెనే, రింగు కాడ ఉండేది శిఫా. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఎడమ దిక్కు ఖాళీ ఉన్నది పో, లోపలికి పో, శిఫాకియ్యి. ఉర్దూల అరిస్తే అవతలి టీముల పాకిస్తాన్ పిల్లలున్నరు, లక్నో పిల్లలున్నరు, సగం మందికి ఎరుకైతది. అందుకే తెలుగుల అరుస్త. నూరైన్ ప్రతి ఎండాకాలం మా అమ్మ దగ్గర ఉండి తెలుగు నేర్చుకున్నది. కతర్ల గింత మంచి సదుపాయం ఇంకో టీముకు ఉన్నదా? ఉండి ఏం ఫాయిదా.

ఇంటికొస్తే నా భార్య షహనాజ్ అల్లం చాయ్ ఇచ్చి, మ్యాచ్ ఆడింది బిడ్డనా మీరా అని అడిగింది. ఇంకో కప్పు చేతితోనే అడిగిన. గొంతు లేదు.

నవంబర్ 7, శుక్రవారం, జుమ్మా అయినంక

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు మండుతున్నది. పొద్దుగాలటి నుంచి షాపు తెరవలేదు కాబట్టి అన్ని చదివిన.

బాసిత్ భాయ్ అందరికన్న గరం. శిఫా వాళ్ళ నాయిన, మలక్‌పేట మనిషి, ఈడ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలనే కార్లు కిరాయికిస్తడు. మొత్తం మ్యాచ్ ఫోన్ల వీడియో తీసిండు. అది సబూత్ అంటడు. తప్పంతా కోచ్‌దే అంటడు. కోచ్ అంటే మిస్ హాలా, జోర్డాన్ ఆమె. ఎవరో ఒకామె, ఇది కొత్త స్టైల్, అమెరికాల అందరు గిట్లనే దూరం నుంచి ఆడుతరు అని పెట్టింది. ఆడ బాల్ రింగుల పడుతది మేడం అని బాసిత్ భాయ్ జవాబు. మలయాళీ సార్ ఒకాయన బాణాలు గీసి డయాగ్రామ్ పెట్టిండు, నాకు కరెంటు వైరింగ్ లెక్క కనవడ్డది. ఈజిప్ట్ అమ్మ ఏడ్చే బొమ్మలు మాత్రమే పెడుతది. గెలిచినా అవే పెడుతది.

ఆఖరికి తేలింది ఏందంటే, వచ్చే ఆదివారం కాకుండ ఆ మీది ఆదివారం, పదహారు తారీఖు, కాలేజీ స్పోర్ట్స్ ఆఫీసుల మీటింగ్. కోచ్ కాంట్రాక్ట్ డిసెంబర్‌ల అయిపోతది. మళ్ళ ఇయ్యొద్దని చెప్పుడే. ముందుగాల థంబ్ కొట్టింది నేనే. నన్నే మాట్లాడమన్నరు. రఫీక్ భాయ్ దుకాణదారు, మాట బాగ అమ్ముతడు అని బాసిత్ భాయ్ అన్నడు. మంచిగనే అనిపించింది.

నవంబర్ 8, శనివారం

ఈ రోజు బాస్కెట్‌బాల్ ముచ్చట తియ్యొద్దని ఒట్టు పెట్టుకున్న. షట్టర్ సగం లేపిన్నో లేదో పక్క షాపు రయీస్ భాయ్ చాయ్ పట్టుకొచ్చి, ఇరవై ఏడా భాయ్, నిజమేనా అన్నడు.

నవంబర్ 10, సోమవారం

ఇంట్ల లడాయి.

మీటింగ్ సంగతి నూరైన్‌కు తెలిసింది. శిఫా చెప్పుంటది. అన్నం కాడ కూసొని, మిస్ హాలా పోతే నేను గూడ ఆడుడు బంద్ చేస్త అన్నది. బూట్లు శిఫా చెల్లెకిచ్చేస్త అన్నది. అరిచి చెప్పలే. మెల్లగ చెప్పింది. నూరైన్ మెల్లగ చెప్తే నిజంగనే చేస్తది.

నాకు గుస్సా వచ్చింది గాని, ఆమె ఎందుకట్ల అంటదో నాకు ఎరుకే. కాలేజీల చేరినప్పుడు ఈ పిల్ల షాపుల కస్టమర్‌కు ధర చెప్పమంటే నా ఎన్క దాక్కునేది. మిస్ హాలానే పట్టుకుపోయి టీముల ఏసింది. తలకు కట్టుకునే ఆట స్కార్ఫ్ గూడ ఆమెనే తెచ్చిచ్చింది. అందరిల గొంతు లేని పిల్లను తెచ్చి గార్డు చేసింది, నలుగురిని అటు పో ఇటు పో అని కేకేసే జాగల పెట్టింది. ఇప్పుడు నూరైన్ కేకేస్తది. షాపుల గూడ బేరం ఆడుతది, నాకన్న గట్టిగ.

అది వేరు, ఆట వేరు అన్న నేను. అందర్ని దూరం నుంచి కొట్టుమని చెప్పే కోచ్ మాకొద్దు అన్న.

మిస్ అట్ల చెప్పలేదు, ముందుగాల లోపలికే పొమ్మన్నది అన్నది నూరైన్. అయితే ఎందుకు పోలే అని అడిగిన. నా మొకం దిక్కు చూసింది. ప్లేటు తీస్కొని కిచెన్‌లకు పోయింది.

షహనాజ్ గూడ ఎన్కనే పోయింది. ఉప్పు అడిగితే ఇచ్చెటోళ్ళు లేరు. డైరీ తెలుగుల రాసుకుంటున్న గనుక బతికిపోయిన, షహనాజ్ హైదరాబాద్ పిల్ల, తెలుగు చదవరాదు.

నవంబర్ 12, బుధవారం

బాసిత్ భాయ్ వీడియో పంపిండు. షాపుల గిరాకీ లేదు, సౌండ్ బంద్ చేసి చూసిన. సౌండ్ ఉంటే రయీస్ భాయ్ వస్తడు.

నూరైన్ ఎడమకు తిరిగేసరికి అవతలి పిల్లలు ఇద్దరు ఆడనే ఉంటున్నరు. శిఫాకు ఇయ్యబోతే శిఫా ముంగట గోడ. పాపం ఎటు పోతది? ఎనక్కి వచ్చి దూరం నుంచి ఎగేస్తది. మిగిలినోళ్ళు ఆమెను చూసి వాళ్ళు గూడ ఎగేస్తున్నరు. మొదటి పది నిమిషాలు లోపలికి పోవాల్నని చూసిన్రు, అయినంక ఆశ వదులుకున్నరు. అంటే మిస్ హాలా ఆట ఎంత పాతదంటే, ఏం చేస్తరో ముందే అందరికి ఎరుకైతున్నది. నేనే కనిపెట్టిన ఈ పాయింట్. మీటింగ్‌ల గిదే చెప్పాలె.

జగిత్యాల రాజేశం వచ్చిండు, ఇంటికి కార్గో పంపుతడట, కార్టన్‌లు, టేపు కావాలన్నడు. ఐదు సూట్‌కేసులు నేల మీద పెట్టి, గిది డిఫెన్స్, గీ నీలం ట్రాలీ నా బిడ్డ అని చూపెట్టిన. రాజేశం మంచోడు, మొత్తం చూసిండు. రఫీకన్నా, నీ బిడ్డకు చక్రాలున్నయి గదా, ఎటైనా పోతది, నాకు కార్టన్ ఇయ్యి, లేబర్ క్యాంప్ బస్సు పోతది అన్నడు.

నవంబర్ 14, శుక్రవారం

ఫోన్ల జల్దీ జల్దీ రాస్తున్న. టైపు తప్పులు పడితే పడనీ.

అసర్ నమాజ్ అయినంక ఒక ఫ్యామిలీ వచ్చింది. సుధాకరరావు సార్, దుఖాన్ టౌన్ల ఆయిల్ కంపెనీల ఇంజనీరు, కాకినాడ దిక్కు మనిషి. భార్య భానుమతమ్మ, బిడ్డ అక్షర. డిసెంబర్‌ల ఊర్ల పెళ్ళి ఉన్నదట, రెండు పెద్ద ట్రాలీలు కావాలన్నరు. తెలుగోళ్ళు కాబట్టి నేను గూడ తెలుగుల షురూ చేసిన. ఆ పిల్ల ఫోన్ చూసుకుంట మూలకు నిలబడ్డది. బయట ఒకాయన బండి పెట్టడానికి జాగ లేక తిప్పలు పడుతుంటే, రయీస్ భాయ్‌ని అదే తెలుగుల కేకేసిన, ఎడమ దిక్కు ఖాళీ ఉన్నది లోపలికి రమ్మను అని.

ఆ పిల్ల తలెత్తింది. నవ్వుతున్నది. "అంకుల్, మీరు నూరైన్ వాళ్ళ నాన్నగారు కదా?"

నీకెట్ల ఎరుక అన్న. ఆమె అవతలి కాలేజీ టీమట. ఆడదు, బెంచీ మీద కూసుంటది. పోయిన సంవత్సరం చేరింది, ఇప్పటిదాక ఒక్క మ్యాచ్‌ల గూడ దింపలేదట.

"ఆ రోజు మీరు అరుస్తుంటే నాకు ఒకటే నవ్వు. ఎందుకు నవ్వుతున్నావని మా కోచ్ అడిగింది. చెప్పాను. ఇంక మ్యాచ్ అయ్యేదాకా నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది అంకుల్. మీరు ఎడమ అంటే నేను లెఫ్ట్ అనేదాన్ని. మీరు శిఫా పేరు అంటే నేను ఆ అమ్మాయి నంబరు చెప్పేదాన్ని. మ్యాచ్ అయ్యాక అందరూ నన్నే ఎత్తుకున్నారు."

పాపం ఆ పిల్ల ఎంత సంబరంగ చెప్పిందో. దాని తప్పేం లేదు. నేను గొంతు చించుకొని చెప్పింది, అది విన్నది.

సుధాకరరావు సార్ మొకం మాడ్చిండు. అట్లా చేయకూడదమ్మా అన్నడు. కాసేపటికి, మీరు ప్రతి మ్యాచ్‌కీ వెళ్తారా అని నన్ను అడిగిండు. పోత అన్న. ఆయన ఇప్పటిదాక ఒక్కదానికి గూడ పోలేదట, దుఖాన్ దూరం, షిఫ్ట్ డ్యూటీ. అక్షర మళ్ళ ఫోన్ చూసుకుంట నిలబడ్డది.

ట్రాలీ లాక్ ఎట్ల పెట్టాల్నో చూపెట్టబోయి నేనే నంబర్ మర్చిపోయిన.

నవంబర్ 14, మళ్ళ

ఎడమ దిక్కు పో. లోపలికి పో. శిఫాకియ్యి. మా పిల్లలు దూరం నుంచి కొట్టింది నా వల్లనే.

నవంబర్ 15, శనివారం

నూరైన్‌కు చెప్పిన. ప్రాక్టీస్ అయినంక కాలేజీ కాడ పికప్ చేసుకొని, బండి నడుపుకుంటనే చెప్పిన. రోడ్డు దిక్కు చూస్తే మొకం చూసే పని ఉండదని.

ఎరుకే అన్నది. రెండో క్వార్టర్ల అనుమానం వచ్చిందట. ఆ బెంచీ పిల్ల నోరు కదులుతుంటే చూసిందట. నాకు రెండుసార్లు చెయ్యి ఊపి చూపెట్టిందట, అరవకు అని. యా అల్లా. ఖుషీగ ఊపుతున్నదనుకొని నేను గూడ తిరిగి ఊపిన. లేచి నిలబడి ఊపిన.

మరి నా మాట వినకుండ వేరే దిక్కు పోవాలె గదా అన్న. అప్పుడు చెప్పింది, ఉర్దూలనే, మెల్లగ.

"మీరు చెప్పిన దిక్కు పోకపోతే ఇంటికొచ్చినంక మీరు మాట్లాడరు అబ్బాజాన్. పోతే వాళ్ళు పట్టుకుంటరు. అందుకే దూరం నుంచే కొట్టిన. ఆడికెల్లి కొడితే ఎవ్వరి మాటా విన్నట్టు కాదు, కాదన్నట్టు కాదు."

సిగ్నల్ పచ్చగైంది. ఎన్క బండోడు హారన్ కొట్టిండు. రెండోసారి కొట్టినంక కదిలిన.

నిజమే. మాట్లాడను. పోయిన సంవత్సరం ఒక మ్యాచ్ అయినంక మూడు రోజులు మాట్లాడలే. అది నేర్పుడు అనుకున్న.

నవంబర్ 16, ఆదివారం

షాపు రయీస్ భాయ్‌కి అప్పజెప్పి మీటింగ్‌కు పోయిన. పొద్దుగాల పోవద్దు అనిపించింది. జ్వరం అని గ్రూపుల పెడితే అయిపోతుండె. కాని నేను పోకపోతే బాసిత్ భాయ్ మాట్లాడుతడు, మిస్ హాలా పోతది, నూరైన్ బూట్లు పోతయి.

స్పోర్ట్స్ ఆఫీసుల కతరీ సార్ మంచి మనిషి, అందరికి అరబ్బుల కాఫీ, గావా పోయించిండు. మిస్ హాలా ఒక మూలకు కూసున్నది, కేసు మీద కోర్టుకు వచ్చినోళ్ళ లెక్క. నన్ను మాట్లాడమన్నరు. బాసిత్ భాయ్‌ని వీడియో పెట్టుమన్న. సౌండ్ పెద్దగ చెయ్యుమన్న. ఆయన ఖుషీగ పెట్టిండు, సబూత్ గదా.

ముందుగాల నా గొంతు వినవడుతది. అయినంక అవతలి బెంచీ నుంచి ఒక పిల్ల గొంతు, లెఫ్ట్ అని. అప్పుడు ఇద్దరు పోయి నూరైన్ ముంగట నిలబడుతరు. ప్రతిసారి గదే. నేను ఒక్కొక్క మాటకు అర్థం చెప్పుకుంట పోయిన, వచ్చీరాని ఇంగ్లీషుల. గిది తెలుగు సార్. ఎడమ దిక్కు పో అని చెప్తున్న సార్. గిది గూడ నేనే సార్. బాసిత్ భాయ్ వీడియో బంద్ చెయ్యబోయిండు. చెయ్యొద్దన్న. మలయాళీ సార్ నవ్వు ఆపుకోలేక గావా మింగి దగ్గిండు.

అయినంక మిస్ హాలా మాట్లాడింది. గట్టిగ అనలే.

"మిస్టర్ రఫీక్, ఈ సంవత్సరం నూరైన్ నా మాట ఎప్పుడన్న విన్నదో లేదో నాకు తెల్వదు. నేను ఆమెకు నేర్పింది ఒకటే, మీ నాయినకు ఏది కనవడితే అది కాదు, నీకు ఏది కనవడితే అది చెయ్యి అని."

మాఫ్ చెయ్యమన్న. ఆమె తల ఊపింది. మాఫ్ చేసినట్టో, సరే పోండి అన్నట్టో తెల్వలే. మా కంప్లైంట్ వాపసు తీసుకున్నం. కాంట్రాక్ట్ సంగతి కాలేజీ వాళ్ళే చూసుకుంటరట, ఆమె మీద ఖరాబు మాట ఏది లేదన్నడు కతరీ సార్.

బయట బాసిత్ భాయ్ బండెక్కి తలుపు దబ్బున ఏసిండు.

నవంబర్ 17, సోమవారం

గ్రూపుల నన్ను అడ్మిన్ నుంచి తీసేసిన్రు.

మలయాళీ సార్ ఇంకో డయాగ్రామ్ పెట్టిండు, ఇందుల స్టేడియం మూలకు ఒక నోరు గీసిండు. అది నేనట. ఇదంతా ఉన్నా దూరం నుంచి అన్ని ఎగేసుడు తప్పే అని ఎవరో పెట్టిన్రు. తప్పే. నేను గూడ అదే అంట, కాని ఇప్పుడు అనే మొకం లేదు. ఈజిప్ట్ అమ్మ ఏడ్చే బొమ్మ పెట్టింది.

నూరైన్ బూట్లు కడిగి బాల్కనీల ఆరేసింది.

నవంబర్ 27, గురువారం, మగ్రిబ్ నమాజ్ అయినంక

మళ్ళ అదే టీముతోని మ్యాచ్. నేను లోపలికి పోలే. పార్కింగ్‌ల బండిల కూసున్న. రమ్మన్నది నూరైన్, నోరు మూసుకొని కూసుంటే చాలన్నది. నాతోని కాదు, నా సంగతి నాకు ఎరుకే.

హాఫ్ టైముకు 31–29 అని షహనాజ్ మెసేజ్ పెట్టింది. ముప్పై ఒకటి ఎవరిది అని అడిగిన. జవాబు లేదు. ఏం మనిషి.

అక్షరను ఇయ్యాల దింపిన్రట. అదొకటి పెట్టింది.

మళ్ళ షురూ అయింది. ఉక్కకు హాలు తలుపు తెరిచి పెట్టిన్రు. మొగ గొంతు ఒకటి వస్తున్నది, పెద్దగ, గొంతు చించుకొని. అక్షరా, కుడి పక్క ఖాళీగా ఉంది, వెళ్ళమ్మా, వెళ్ళు. సుధాకరరావు సార్.

నూరైన్‌కు తెలుగు వచ్చని ఆయనకు ఎరుకే గదా.

నూరైన్ వింటున్నదని పోయి ఆయనకు చెప్పాలె. పోత. ఈ క్వార్టర్ అయినంక పోత.