నలభై రెండు నిమిషాల మంచు సినిమా

కార్ల్స్‌రూహె,
ఫిబ్రవరి 24.

నాన్న రిటైర్మెంటు సభలో ఆయన మాట్లాడేదంతా మొదటి మాట నుంచి చివరి మాట వరకు వీడియో తీస్తానని 1988లో మాటిచ్చి తప్పిన చిరంజీవి తమ్ముడు వీరాంజనేయులుకి, అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ వదినా, అమ్మాయి సంయుక్తా, అల్లుడు శశాంక్, మనవరాలు సహస్రా ఒంట్లో బాగానే ఉన్నాం. నీ బీపీ, మరదలి నడుము నొప్పి అదుపులో ఉన్నాయని అనుకుంటున్నాను.

మొదటి వాక్యం చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టకు. ముప్పయ్యెనిమిదేళ్లుగా ఇదే గొడవ అని విసుక్కుంటావని తెలుసు. ఈ గొడవ వల్లనే కదా మనం ఫోన్లో మాట్లాడుకోవడం మానేశాం. ఉత్తరమైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. పైగా ఈసారి విషయం వేరు. లేదా వేరు కాదేమో. అదే నాకు తేలడం లేదు.

ముందు నువ్వడిగినవి. మోకాళ్లు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. డాక్టరు కూడా ఎందుకో చెప్పలేకపోయాడు. చలి సంగతి అడిగావు. ముప్పయ్యేళ్లు కాలేజీ లైబ్రరీలో కూర్చుని మంచు దేశాల నవలలు బీరువాలకి బీరువాలు చదివాను. వాటిలో జనం మంచులో ప్రేమించుకున్నారు, చచ్చిపోయారు. ఒక్కరికీ ముక్కు కారలేదు. ఆ రచయితల్ని ఇక నమ్మను. సహస్ర తెలుగు మాట్లాడుతుందా అన్నావు. అర్థమవుతుంది. మనం తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. మీ వదిన దానికి తెలుగులో ఊ కొడుతుంది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. నాలుగో ప్రశ్న సంగతి చివర్లో రాస్తాను.

పోయిన వారం పిల్లలకి సెలవులు. శశాంక్ వాళ్ల మేనేజర్ మథియాస్ కుటుంబంతో కలిసి ఫెల్డ్‌బర్గ్ కొండకి వెళ్లాం. అందరికీ కలిపి ఒకే ఇల్లు. మేము ఐదుగురం, మథియాస్, ఆయన భార్య కాట్రిన్, వాళ్ల అబ్బాయి ఎమిల్. నాకు స్కీయింగ్ రాదు, ఊరికే కూర్చోవడమూ రాదు. అందుకని శశాంక్ ఎవరో వాడేసిన హ్యాండీక్యామ్ ఒకటి కొని నా చేతిలో పెట్టాడు.

"ఫోనైతే గ్లవ్స్‌తో పనిచెయ్యదు మామయ్యగారూ. ఇది మీ కాలం నాటిది. హాలిడే మూవీకి మీరే డైరెక్టర్."

"తెనాలిలో వీడియో షాపున్నది మా తమ్ముడికి. నాకు కాదు," అన్నాను.

"అయితే ఇంకేం, ఫ్యామిలీ బిజినెస్సే."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో నీకు తెలుసు.

సహస్రని అక్కడ ఐదు రోజుల స్కీకుర్స్‌లో, అంటే పిల్లలకి స్కీయింగ్ నేర్పే క్లాసులో, చేర్చారు. చివరి రోజు పిల్లలందరికీ పోటీ, మెడల్స్. ఎనిమిదేళ్ల పిల్ల. మొదటి రోజు పైకి లాక్కెళ్లే బెల్టు మీదే మూడుసార్లు పడింది. ఇంటికొచ్చి బూట్లు గోడకేసి కొట్టింది. నాలుగో రోజుకి వంపులు తిరుగుతూ దిగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నా పక్కన చేరి, తెలుగులో అడిగింది.

"తాతా, రేపు నన్ను మొత్తం తీస్తావా? పైనుంచి కిందదాకా?"

"మొత్తం తీస్తానమ్మా," అన్నాను. తెలుగులో అడిగిందన్న సంబరంలో, నేను ఏ మాట ఇస్తున్నానో నాకే తట్టలేదు.

పోటీ రోజు పొద్దున మీ వదిన పులిహోర కలిపి పట్టుకొచ్చింది. సహస్ర గిన్నెలో చెయ్యి పెట్టబోతే సంయుక్త ఆపింది. "ముందు ఎమిల్ వాళ్లకి ఇవ్వు. నువ్వు మనింటి పిల్లవే కదా." సహస్ర ప్లేటు తీసుకెళ్లి ఎమిల్‌కి ఇచ్చింది. నేను దాన్ని వీడియో తీశాను. మనవరాలి మర్యాద చూసి పొంగిపోయాను కూడా.

మనవాళ్ల చేతికి కెమెరా వస్తే ఏం చేస్తారో నీకు ఒకరు చెప్పాలా? మథియాస్ కాఫీ తాగడం తీశాను. కాట్రిన్ కొడుక్కి బూట్లు బిగించడం తీశాను. పిల్లలకి నేర్పిన టీచరమ్మని తీశాను. ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ కుక్కతో వస్తే ఆవిడనీ కుక్కనీ తీశాను. ఎవరినైనా వదిలేస్తే నొచ్చుకుంటారేమోనని నా భయం.

ఎమిల్ బాగా దిగాడు. అడుగున కాట్రిన్ వాణ్ణి కావలించుకుంది, మథియాస్ నా కెమెరా వైపు చూసి చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే మైకులో సహస్ర పేరు వినిపించింది.

ఇక్కడి వాళ్లెవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. నాకు వినిపించింది. స్పష్టంగా వినిపించింది. కానీ మథియాస్ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చెయ్యి ఊపుతున్న మనిషి మీంచి కెమెరా ఎలా తిప్పను? ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకున్నాను. తిప్పేసరికి సహస్ర కింద నిలబడి, హెల్మెట్ తీసి నన్నే చూస్తోంది. కొండ మీంచి దిగినంతసేపూ దానికి నా వీపే కనిపించి ఉండాలి.

శశాంక్ పరిగెత్తుకొచ్చాడు. "వచ్చిందా మామయ్యగారూ? మొత్తం వచ్చిందా?"

"బ్యాటరీ పోయింది," అన్నాను.

"చలికి అంతే. మీరేం చేస్తారు, వదిలెయ్యండి."

సహస్ర నా చేతిలోంచి కెమెరా తీసుకుని తెర తెరిచి చూసింది. బ్యాటరీ గుర్తులో నాలుగు గీతలకి మూడు వెలుగుతున్నాయి. నన్ను చూసింది, తెర మూసి తిరిగి ఇచ్చేసింది. వాళ్ల నాన్నకి ఏమీ చెప్పలేదు. ఏడిస్తే ఊరుకోబెట్టేవాణ్ణి. ఎనిమిదేళ్ల పిల్ల నన్ను కాపాడితే ఏం చెయ్యాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

తర్వాత మెడల్ వేసుకుని నిలబడితే కెమెరా దాని వైపు తిప్పాను. అరచేయి అడ్డం పెట్టింది. రెండుసార్లు అటు వెళ్లమన్నట్టు ఊపింది.

"నన్ను వద్దు తాతా. ఎమిల్‌ని తీయి."

కోపంతో అందో, మర్యాదకి అందో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆదివారం ఇంట్లో టీవీకి తగిలించి చూశాం. నలభై రెండు నిమిషాల సినిమా. కుక్క రెండు నిమిషాలుంది. ఒకచోట మథియాస్ భుజం వెనకాల, పిల్లలు దిగి ఆగే చోట, ఏదో ఎర్రగా కదిలి మాయమైంది. సహస్ర రిమోటు లాక్కుని ఆపింది.

"దా! దస్ బిన్ ఇఖ్." అదుగో, అది నేనే అని.

"ఎక్కడే, నాకు కనపడలేదు. మళ్లీ వెయ్యి," అంది మీ వదిన. మూడుసార్లు వేశారు. నా మనవరాలి కోటు, ఒక్క క్షణం.

అంతటితో అయిపోలేదు. సినిమా వాళ్లకీ పంపితే, మర్నాడు కాట్రిన్ నుంచి మెసేజ్ వచ్చింది. చాలా మర్యాదగా రాసింది. తమ అబ్బాయి వీడియోలు బయట తిరగడం తమకి ఇష్టం ఉండదట. ఎమిల్ ఉన్నవన్నీ దయచేసి చెరిపేయగలరా అని. నేను ఆ మెసేజ్ సంయుక్త చేత రెండుసార్లు చదివించుకున్నాను. నేను ఎవరి మర్యాద కోసం కెమెరా తిప్పలేదో, ఆ మర్యాద వాళ్లకి అక్కర్లేదు. చెరిపాక ఆరు నిమిషాలు మిగిలింది: కొండ, పులిహోర గిన్నె, కుక్క. ఎర్ర కోటు ఉన్న ముక్కలో ఎమిల్ కూడా ఉన్నాడు. అదీ తీసెయ్యబోతే సహస్ర ఊరుకోలేదు. చివరికి శశాంక్ ఎమిల్ కనపడకుండా అంచు వరకు కత్తిరించి ఆ ఒక్క క్షణం ఉంచాడు.

ఇక నీ నాలుగో ప్రశ్న. నాన్న టేపుని ఫైలుగా మార్పించాను, ఇప్పటికైనా చూస్తావా, పంపమంటావా అన్నావు. పంపు.

నేను ఆ టేపు చూసింది ఒక్కసారే. మూడు గంటలు. మునిసిపల్ ఛైర్మన్‌కి దండ, హెడ్మాస్టర్లకి దండలు, భోజనాల వరసలు. నాన్న మాట్లాడిన నలభై నిమిషాలూ ముందు వరసలో పెద్దల ముఖాలే, వాటి మీద నువ్వు కలిపిన నాదస్వరం. ఎనిమిది నెలలకి ఆయన పోయాడు, గొంతు కూడా మిగల్లేదు. "నాన్న మనింట్లో మనిషే కదా అన్నయ్యా, ఎప్పుడైనా తీసుకోవచ్చనుకున్నా," అన్నావు. ఆ మాటకే నీతో మాట్లాడటం మానేశాను.

ఆ రోజు పొద్దున ఎవరెవర్ని తీయాలో నీ చేతికి చీటీ రాసిచ్చింది నేను. వీళ్లలో ఒక్కరు తప్పినా మాటొస్తుందిరా అని చెప్పాను. పద్నాలుగు పేర్లు. నాన్న పేరు లేదు. నువ్వు ఆ చీటీ సంగతి ఎవరి దగ్గరా, ఏనాడూ ఎత్తలేదు. మర్చిపోయావనుకుని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. సహస్ర తెర మూసి కెమెరా తిరిగిచ్చినప్పుడు, నువ్వూ మర్చిపోలేదని, నన్ను కాపాడుతూ వచ్చావని అర్థమైంది.

ఫైలు రాగానే నేను చూడాల్సింది ఒకటే చోటు. రెండో గంటలో తెర అంచు నుంచి నాన్న చెయ్యి వస్తుంది, గుర్తుందా? అరచేయి నీ వైపు ఉంటుంది, రెండుసార్లు ఊగుతుంది. నీళ్లు అడుగుతున్నాడని అనుకున్నాను. నీళ్లు అడిగే చెయ్యి అలా ఉండదు. మెడల్ వేసుకున్న పిల్ల చెయ్యి చూశాక తెలిసింది. నన్ను కాదురా, అటు తీయి అంటున్నాడు. నీకు ఆ రోజే తెలుసు కదూ?

నీ మీద కోపం సగానికి దిగింది. నా మీద ఎంత పెట్టుకోవాలో లెక్క తేలడం లేదు. సహస్రకి నిజం ఒప్పుకోవాలి, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియదు. కానీ ఎవరినో ఒకరిని అనకుండా నేను ఉత్తరం ముగించలేను. ఆ పిల్లకి కనీసం "మొత్తం తీస్తావా" అని అడగడం వచ్చింది. కన్నకొడుకు కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడితే, నన్ను తీయరా అని ఒక్క మాట అడగడం చేతకాని మనిషి ఒకడున్నాడు. చెయ్యి ఊపి మనిద్దర్నీ జీవితాంతం అటు తిప్పేశాడు. తప్పు ఆయనదే. మన నాన్న వెంకటరామారావు మాస్టారిదే.

ఇట్లు,
చీటీ రాసిన మీ అన్నయ్య