నలభై ఐదున్నర కంటే తక్కువే

సెప్టెంబర్ 7, 2013, శనివారం

తీర్మానం: ఈ సెమిస్టర్ అంతా మనసుకు నచ్చినట్టు పందెం కాయను. లెక్క చెప్పినట్టే కాస్తాను.

అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం. నేను, రేణు, సాయిప్రియ. ముగ్గురం ఎమ్మెస్ విద్యార్థులమే. మిషిగన్ వచ్చి ఏడాదైంది. ఈ ఊళ్లో చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటను ఫుట్‌బాల్ అని ఎందుకంటారో ముగ్గురికీ తెలియదు. అయినా శనివారం మా యూనివర్సిటీ ఆట ఉంటే పందెం ఉండాల్సిందే. పణం గిన్నెలు తోమడం.

ఎవరు గెలుస్తారన్నది మాకు అనవసరం. రెండు టీములూ కలిపి ఎన్ని పాయింట్లు కొడతాయన్నదే పందెం. ఆటకు ముందు ఇంటర్నెట్‌లో ఒక అంకె వస్తుంది. అంతకన్నా ఎక్కువ వస్తాయనుకుంటే ఓవర్, తక్కువైతే అండర్. రేణు ఎప్పుడూ ఓవరే. "ఎక్కువొస్తే మంచిగుంటది" అంటుంది. సాయిప్రియ జెర్సీ రంగు చూసి చెబుతుంది.

నేను స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషిని. కాబట్టి నేను పందెం కాయను, అంచనా వేస్తాను. ఐదేళ్ల స్కోర్లు ఎక్సెల్‌లో ఎక్కించాను. జనం ఉత్సాహం కొద్దీ ఓవర్ వైపు పోతారని తేలింది. అంటే ఎప్పుడూ అండరే!

సాయంత్రం: గెలిచాను!! గిన్నెలు రేణువి. చదువు విలువ ఇదీ.

సెప్టెంబర్ 14, శనివారం

మళ్లీ గెలుపు. ఇక దీన్ని పద్ధతిగా నడపాలి. రూల్స్ టైప్ చేసి ఫ్రిజ్‌కి అంటించాను. మర్నాడు పేపర్లో అచ్చయిన స్కోరే ఫైనల్. ఓడినవాళ్ల సాకులు చెల్లవు.

రేణుకి జ్వరం. "రేపు తోముతనే వసంతా, ఒళ్లంతా కాలిపోతుంది" అంది. ఫ్రిజ్ వైపు చూపించాను. దగ్గుతూ తోమింది. నాకూ బాధనిపించింది. కానీ ఒకసారి సడలిస్తే పద్ధతి ఏం మిగులుతుంది?

సెప్టెంబర్ 21, శనివారం

ఓడాను. ఆట అయిపోవచ్చింది. మావాళ్లు అప్పటికే గెలిచేశారు. అయినా ఒకడు బంతి పట్టుకుని చివరిదాకా పరిగెత్తి ఇంకా పాయింట్లు కొట్టాడు! గెలిచాక కూడా పరుగెందుకు? పెంపకం లోపం. నా లెక్కలో తప్పేమీ లేదు.

సెప్టెంబర్ 28, శనివారం

ఓడాను. ఈసారి బాత్రూమ్ కడగడం కూడా కలిపారు.

సాయిప్రియ ఓదార్చింది. "నీ లెక్క కరెక్టేనే. ఆ కుర్రాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు."

అక్టోబర్ 12, శనివారం

గెలిచాను! ఒక విషయం గమనించాను. నేను టీవీకి వీపు పెట్టి వంటగది వైపు తిరిగి నిలబడితే ఎవరూ పాయింట్లు కొట్టడం లేదు. మూడుసార్లు పరీక్షించాను. దీన్ని మూఢనమ్మకం అనకూడదు. శాంపిల్ చిన్నది, అంతే.

అక్టోబర్ 13, ఆదివారం

అమ్మ ఫోన్. నిన్న ఏం చేశావని అడిగితే ఆట చూశానన్నాను.

"నీవాళ్లు గెలిచినారా?"

"ఎవరు గెలిస్తే నాకేంటమ్మా. ఎవరూ కొట్టకూడదు, అంతే."

"ఇద్దురూ కొట్టకూడదా?"

"ఆఁ."

"అంతమంది పిల్లోళ్లు అంత కష్టపడి ఆడుతుంటే, వాళ్లు ఏమీ కొట్టకుండా పోవాలని కూసోనుంటావా? ఇదేం పాడు కోరికే!"

అమ్మకు ప్రాబబిలిటీ ఎలా చెప్పాలి? సిగ్నల్ బాగాలేదన్నాను.

అక్టోబర్ 22, మంగళవారం

పెద్ద వార్త! ఇక్కడి ట్రాయ్ ఊళ్లో కార్ల విడిభాగాల కంపెనీ నుంచి ఈమెయిల్. వేసవికి ఇంటర్న్‌షిప్. పని: ఏ భాగాలు ఎన్ని అమ్ముడవుతాయో అంచనా వేయడం. సరిగ్గా నా కోసమే పుట్టిన ఉద్యోగం! నవంబర్ 5న ఫోన్ ఇంటర్వ్యూ. నలభై ఏడు అప్లికేషన్లకు వచ్చిన ఒకే ఒక్క జవాబు. ఇది పోతే ఇంకొకటి లేదు.

ఇంటర్వ్యూకి నిశ్శబ్దం కావాలి. లైబ్రరీ బేస్‌మెంట్‌లో సిగ్నల్ అందదు. అదృష్టం, నా గదికి తలుపుంది. రెండు బెడ్‌రూముల్లో ఒకటి నాది, ఒకటి సాయిప్రియది. ఆగస్టులో చీటీలు వేస్తే రేణుకి హాలు వచ్చింది. వీధి తలుపు పక్కనే పరుపు, తల దగ్గర టీవీ. పాపం.

పందేలు బంద్. ఇక చదువే.

అక్టోబర్ 31, గురువారం

పందేలు బంద్ చేసి తొమ్మిది రోజులు. శనివారం అంకె ఊరికే చూశాను. నలభై ఐదున్నర. ఆ సగం ఎందుకంటే, సమానం అనే గొడవ రాకుండా. లెక్క చూస్తే మొత్తం ముప్పై ఎనిమిది దాటదు. ఇంత స్పష్టమైన అండర్ నా ఎక్సెల్‌లో ఇంతవరకు రాలేదు.

ఈ మాట పొరపాటున రేణు ముందు అన్నాను.

"అంత నమ్మకముంటే రూమ్ పెట్టు" అంది.

"ఏ రూమ్?"

"నీ రూమే. చలి మొదలైంది, హాల్ల నాకు నిద్ర పడ్తలేదు. నువ్వు గెలిస్తే డిసెంబర్ దాక వంట, గిన్నెలు, బాత్రూమ్, చెత్త, అన్నీ నేనే చేస్త."

"వద్దే వసంతా, మంగళవారం ఇంటర్వ్యూ పెట్టుకుని!" అని సాయిప్రియ.

కానీ ఆలోచించాను. డిసెంబర్ దాకా వంట లేకపోతే ఇంటర్వ్యూకి ఎంత చదువుకోవచ్చు! అంటే ఇది కూడా ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌లో భాగమే. ఒప్పుకున్నాను.

నవంబర్ 2, శనివారం

రేణు క్లాస్‌మేట్ వినీత్ ఆట చూడ్డానికి వచ్చాడు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. తెలుగు వచ్చు, కానీ పొట్టలో ఎక్కడో ఉండి, బయటికి సగమే వస్తుంది.

నేను వంటగది వైపు తిరిగి నిలబడ్డాను. మూడు గంటలు. కాళ్లు పీకాయి.

ఆట టైము అయిపోయింది. పదిహేడు, పదిహేడు. మొత్తం ముప్పై నాలుగు! గెలిచాను!!! నలభై ఐదున్నర ఎక్కడ, ముప్పై నాలుగు ఎక్కడ! రేణు గ్లవ్స్ వేసుకుని సింక్ దగ్గరికి పోయింది. నేను గదిలోకొచ్చి తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను. ఎంత మంచి తలుపు!

హాల్లో వినీత్ ఎందుకో అరుస్తున్నాడు. చూసొస్తాను.

గంట తర్వాత: టై అయితే ఓవర్‌టైమ్ ఆడిస్తారట. చెరొక అవకాశం ఇస్తారట. చెరో ఏడు కొట్టారు. మళ్లీ టై. మళ్లీ ఆడారు. ముప్పై, ఇరవై ఏడు.

"సరే, మావాళ్లు గెలిచారు. మొత్తం ముప్పై నాలుగే కదా" అన్నాను.

"నో, ఫిఫ్టీ సెవెన్. నువ్వు ఓడిపోయింది అండీ" అన్నాడు వినీత్.

"అదెలా? సూపర్ ఓవర్ పరుగులు స్కోర్లో కలపరు కదా!"

"సూపర్ ఓవర్ అంటే ఏంటి?"

క్రికెట్ తెలిసిన ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. క్రికెట్‌లో టై అయ్యాక ఆడేది గెలుపు తేల్చడానికి మాత్రమే. మ్యాచ్ స్కోరు మ్యాచ్ స్కోరే. ఇక్కడ అన్నీ కలిపేస్తారట!

రేణు గ్లవ్స్ తీసింది. నురగ నేల మీద పడుతుండగా ఫ్రిజ్ దగ్గరికి నడిచి, నేను టైప్ చేసిన కాగితాన్ని గట్టిగా చదివింది. "మర్నాడు పేపర్లో అచ్చయిన స్కోరే ఫైనల్. ఓడినవాళ్ల సాకులు చెల్లవు."

"నాకు తెలియదే రేణూ..."

"నాకెరుకనా? నేను ఓడినననుకొని సగం గిన్నెలు తోమిన. మిగిలినయి నువ్వు తోము."

నవంబర్ 3, ఆదివారం

పేపర్ వచ్చింది. 30-27 అనే అచ్చయింది.

పరుపు హాల్లోకి మార్చాను. ఎవరు తలుపు తీసినా నా పాదాలకు మిషిగన్ తగులుతోంది.

నవంబర్ 5, మంగళవారం

ఇంటర్వ్యూ. సాయిప్రియ అప్పటికే తన గదిలో ప్రాజెక్ట్ కాల్‌లో ఉంది. రేణు గది అడగడానికి మొహం చెల్లలేదు. కోట్లు తగిలించే అలమరలో దూరి తలుపు లాక్కున్నాను. చీకటి. మొహం మీద మూడు కోట్లు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో రెజ్యూమె.

అవతలి మనిషి మర్యాదస్థుడు. "నీ అంచనా తప్పిన సందర్భం ఒకటి చెప్పు" అన్నాడు. దీనికి నేను మంచి జవాబు బట్టీ పట్టాను. గొంతులో కోటు బొచ్చు అడ్డుపడి అది మర్చిపోయాను. నిజం వచ్చేసింది. శనివారం ఆటకు నలభై ఐదున్నర అండర్ అన్నానని చెప్పాను.



"అది మా టీమ్. నేను అక్కడే చదివాను. మావాళ్లు పాయింట్లు కొట్టకూడదని కోరుకున్నావా?"

"వ్యక్తిగతంగా కాదు సార్."

"ఓవర్‌టైమ్ లెక్కలోకి తీసుకోలేదా?"

పది నిమిషాలు సూపర్ ఓవర్ వివరించాను. చివరికి అతను నవ్వాడు. తప్పు ఎక్కడుందో ఇంత వివరంగా చెప్పినవాళ్లు లేరట. 18వ తారీఖు సోమవారం రెండో రౌండ్, తన బాస్‌తో. అదే చివరిదట. "కానీ నీ గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టుంది. బాస్‌కి చెవులు సరిగా వినిపించవు. మంచి గదిలోంచి మాట్లాడు" అన్నాడు.

నవంబర్ 12, మంగళవారం

సాయిప్రియకి సోమవారం అదే టైముకి మళ్లీ కాల్. రేణుని అడిగాను. ఒక్క గంట. ఒక్క సోమవారం.

"ఊకెనే ఇయ్యాల్నా? శనివారం ఆట ఉన్నది కద."

"ఇంక పణం పెట్టడానికి నా దగ్గర ఏముందే?"

రేణు కోట్ల అలమర వైపు చూసింది. "నీ కోటు మంచిగున్నది."

నవంబర్ 15, శుక్రవారం

కొత్త తీర్మానం. మనసుకు నచ్చినట్టు పందెం కాయను. లెక్క చెప్పినట్టే కాస్తాను. పాత లెక్కలో లోపం ఒకటే, ఓవర్‌టైమ్ లేదు. ఇప్పుడు కలిపాను. ఓవర్‌టైమ్ ఎన్నిసార్లు రావచ్చని వినీత్‌ని అడిగితే "లిమిట్ లేదు అండీ" అన్నాడు. లిమిట్ లేని చోట అండర్ అనేది ఎవరైనా? ఇక ఎప్పుడూ ఓవరే!

రేపటి అంకె యాభై ఒకటిన్నర. గెలిస్తే సోమవారం గది నాది. ఓడితే మార్చి దాకా నా కోటు రేణుది.

సాయిప్రియ ఇప్పుడే బయటినుంచి వచ్చింది. "రేపు ఆట టైముకి మంచు తుఫానంటనే. ఎదుటి మనిషి కూడా కనబడడంట."

"మంచుకీ పాయింట్లకీ ఏం సంబంధమే?" అన్నాను.

ఐదేళ్ల స్కోర్లున్న నా ఎక్సెల్‌లో మంచు పేరుతో ఒక్క గడి కూడా లేదు. సంబంధం ఉంటే నాకు తెలియకపోతుందా?