రెండో పిడికిలి

లింబాయత్, సూరత్
జనవరి 5, సోమవారం

చెల్లీ సుభాషిణీ, నా బంగారమా,

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మాది ఒకటే గది. గోడలకు చెవులుంటాయో లేదో గానీ నా బిడ్డ అమూల్యకు మాత్రం ఉన్నాయి. అందుకే సిరిసిల్ల వస్తున్న రాజమ్మ చేతికి ఇది ఇచ్చి పంపుతున్నాను.

డిగ్రీ అయ్యాక అమూల్య ఆదివారాలు జనాన్ని వెంటేసుకుని పాత సూరత్ చూపిస్తోందని నీకు తెలుసుగా. చౌక్ దగ్గర కోట, గోపీపురలో చెక్కడాలున్న చెక్క ఇళ్ళు, మధ్యమధ్య శనగపిండి లోచో, ఆలూపూరీ తినిపించడం. ఎక్కడెక్కడివాళ్ళో డబ్బిచ్చి మరీ వస్తారు. "నన్ను గూడ తీస్కపోరాదే" అని ఎన్నిసార్లు అడిగానో. "అక్కడ నీకేం సమజైతదమ్మా, జర ఆగు" అంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. బట్టలు నేసే సాంచాల మీద పనిచేసేవాళ్ళకు అన్నం డబ్బాలు కట్టడం తప్ప చూసిందేముంది?

నిన్న చెప్పకుండా వెంటపడ్డాను. కొంగు తలమీద కప్పుకొని, ముఖానికి గుడ్డ కట్టుకొని, పదడుగుల వెనక నడిచాను. ఓడల మీద వ్యాపారం చేసినవాళ్ళ ఇళ్ళని, ఆ కిటికీలు ఎందుకలా కట్టారని, హిందీలో గడగడా చెబుతుంటే ఎంత ముద్దొచ్చిందో! పొంగిపోయాను. ఆ పొంగంతా తాపీ ఒడ్డున పొంక్ బండి దాకానే. పొంక్ అంటే మరేం కాదే, మన ఊసబియ్యం. జొన్న పాలకంకులు కాల్చి, గింజ రాల్చి, కారప్పూస కలిపి ఇస్తారు. ఆ బండి కాంతాబేన్ అనే డెబ్బై ఏళ్ళ ముసలిదానిది. అమూల్య ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టింది. "బా" అని పిలిచింది. బా అంటే ఇక్కడ అమ్మ. మొదటి పిడికిలి ఆమె నోట్లో పెట్టి, ఈమె చేతి పొంక్ తినకుండా ఊరు వదలొద్దని అందరికీ చెప్పింది.

నా కడుపు భగ్గుమంది చెల్లీ. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నావంటావా? పోసుకున్నాను. నిన్న అన్నం సహించలేదు. దాని చిన్నప్పుడు మీరు ఊరి నుంచి కంకులు పంపిస్తే, నేను కాల్చి నలిపిన ఊసబియ్యం మొదటి పిడికిలి నా నోట్లోనే పెట్టేది. ఇప్పుడా పిడికిలి ఎవరికో పోయింది. స్నేహితులను ఇంటికి తీసుకురాదు. బయటివాళ్ళ ముందు నాతో తెలుగు ముక్క మాట్లాడదు. డబ్బాలు కట్టేదాని బిడ్డనని చెప్పుకోవడానికి దానికి సిగ్గు.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. మీ వీధిలో వరప్రసాద్ సంబంధం ఉందన్నావుగా, ఖాయం చేసెయ్. దాన్ని సిరిసిల్ల పంపేస్తాను. ఈ ఊరూ వద్దు, ఈ బా వద్దు. శనివారం వెళ్ళి ఆ ముసలిదాన్ని కూడా కడిగేసి వస్తాను.

ఒళ్ళు మండిపోతున్న నీ అక్క,
పద్మజ


జనవరి 12, సోమవారం

చెల్లీ,

వరప్రసాద్ వాళ్ళింటికి ఇంకా వెళ్ళలేదు కదా? వెళ్ళుంటే, మా అక్కకు మతి చెడిందని చెప్పి తిరిగొచ్చెయ్.

శనివారం కాంతాబేన్ దగ్గరికి వెళ్ళాను. అమూల్య తల్లినని చెప్పగానే, కంకులు కొట్టే కర్ర పక్కన పెట్టి నా చేతుల వంక చూసింది.

"ఓహో, ఆ చేతులు నీవేనా!" అంది. "నాలుగు చలికాలాలుగా నా పొంక్ తింటూ నీ బిడ్డది ఒకటే పాట. బా, మా అమ్మ కర్రతో కొట్టదు, చాటలో వేసి అరచేత్తో నలుపుతుంది, ఒక్క గింజ చిట్లదు అని. కంకులు కాల్చే నా భట్టీ ముందు నిలబడి నీ గొప్పలు! నిన్ను చూడకముందే నువ్వంటే నాకు మంట."

నేను ఆమె మీద ఏడుస్తుంటే ఆమె నా మీద ఏడుస్తోందన్నమాట! మరి నన్ను ఒక్కసారైనా ఎందుకు తీసుకురాలేదని నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"నేనూ అడిగాను. మా అమ్మకు జొన్నలంటే నామోషీ బా, ఎవరైనా వస్తే దాచేస్తుంది, ఇక్కడికి రమ్మంటే చిన్నబుచ్చుకుంటుంది అంది."

అబద్ధం కాదే. ఇంటికి ఎవరొచ్చినా జొన్నరొట్టెల గంప మంచం కిందికి తోసేదాన్ని. అమూల్యను పరుగెత్తించి కొట్టు నుంచి శనగపిండి ఖమణ్ తెప్పించి, రోజూ అదే తింటున్నట్టు పెట్టేదాన్ని. "మనం గిట్ల తింటమని ఎవ్వలకు చెప్పకు బిడ్డా" అన్నది నేను. "బయట తెలుగు మాట్లాడకు, నవ్వుతరు" అన్నదీ నేనే. ఎనిమిదేళ్ళ పిల్లకు నేర్పి, ఇరవై రెండేళ్ళకు తప్పు పట్టాను.

కాంతాబేన్ నాలుగు కంకులు కాల్చి నా ముందు పడేసింది. "ఏదీ, చూపించు" అంది. చాట లేక పళ్ళెంలోనే నలిపాను. అలవాటు తప్పి అరచేతులు చురుక్కుమన్నాయి, కొన్ని గింజలు చిట్లాయి. చిట్లినవన్నీ ఏరి చూపించింది, ఎంత సంబరమో ముసలిదానికి! తర్వాత ఒక చిటికెడు నోట్లో వేసుకుని నమిలింది, ఇంకో చిటికెడు తీసుకుంది. "రేపు పొద్దున రా. చాట తెచ్చుకో" అంది.

నిన్న వెళ్ళి భట్టీ పక్కన కూర్చున్నాను. అమూల్య జనంతో వచ్చి, నన్ను చూసి, చెబుతున్న కథ మధ్యలో ఆగిపోయింది. నేను తలెత్తకుండా నలుపుతూనే ఉన్నాను. ఎవరని చెబుతుందో, అసలు చెబుతుందో లేదో. అది వచ్చి నా చాట ముందు కూర్చుంది. పిడికిలి నింపుకుని కాంతాబేన్ నోట్లో పెట్టింది. నాకు మళ్ళీ భగ్గుమంది, నీ దగ్గర దాపరికమెందుకు? ఆ ముసలిది నావైపు చూసి నవ్వింది కూడా.

రెండో పిడికిలి నా నోట్లో పెట్టింది. అంతమంది ముందు, తెలుగులో, గట్టిగా, "అమ్మా, ఉప్పు సరిపోయిందా?" అంది.

నోరు నిండుగా ఉంది. ముక్కు కారుతోంది. తల మాత్రం ఊపాను. ఉప్పు వేయడమే మరిచానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మంట సగమే ఆరిన నీ అక్క,
పద్మజ